గోడ మీది బాపు

మా ఇంట్లో హత్యలు బియ్యం బస్తాల గదిలో జరుగుతాయి. చేసేది నేను.

ఫోన్‌లో కథలు వినిపించే యాప్ ఒకదానికి సైకలాజికల్ థ్రిల్లర్లు రాస్తాను. రాయడంతో అయిపోదు, చదివి రికార్డు చేసి పంపేది కూడా నేనే. మగగొంతు, ఆడగొంతు, ముసలి గొంతు, చచ్చినవాళ్ళ గొంతు, అన్నీ నావే. మా గౌలిపురా గల్లీలో తెల్లారితే ఉల్లిగడ్డల బండి మైకు, పాత ఇనుము కొంటామని ఇంకో మైకు, ఎదురింటి మిక్సీ. అందుకే బియ్యం గదిని ఎంచుకున్నాను. బస్తాలు చప్పుడును పీల్చుకుంటాయి. నెత్తి మీద బొంత కప్పుకుని, చెమటలు కారుతుండగా, "వద్దు బావా, నన్ను చంపకు, నీ కాళ్ళు మొక్కుతా" అని ఆడగొంతుతో నన్ను నేనే బతిమాలుకుంటూ ఉంటాను.

మొదట్లో ఒకసారి ఎదురింటాయన పరుగెత్తుకొచ్చి తలుపు బాదాడు. మా అమ్మ తీసింది.

"ఏందమ్మా, లోపల ఎవర్నో చంపుతున్నట్టున్నరు?"

"ఆఁ, మావోడే. ఇంకింత సేపట్ల అయిపోతది. కూసో అన్నా, చాయ్ పెడత."

ఆయన కూర్చున్నాడు. హత్య పూర్తయ్యేలోగా చాయ్ తాగాడు. నేను బొంత తీసి చెమట తుడుచుకుంటూ బయటికి వస్తే, "సచ్చిందా?" అని అడిగాడు. చచ్చిందన్నాను. "పాపం" అని వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి గల్లీలో నాకు కొంత గౌరవం ఏర్పడింది. పెళ్ళి సంబంధాలవాళ్ళు వచ్చి అబ్బాయి ఏం చేస్తాడని అడిగితే మాత్రం మా అమ్మ "ఇంట్లనే ఉండి కంపెనీ పని చేస్తడు" అని, వాళ్ళు లేచి వెళ్ళేదాకా నన్ను ఆ గది దరిదాపులకు పోనిచ్చేది కాదు.

ఇంట్లో ఉండేది నలుగురం. నేను, అమ్మ, సిటీ బస్సు డ్రైవర్‌గా చేసి రిటైరైన నాన్న, ఆయనను కన్న నాయనమ్మ. నాన్నకు ఒక అక్క ఉంది, మా మేనత్త. జల్‌పల్లిలో చిన్న ప్లాటు కొని ఇల్లు కట్టుకుంది.

మా యాప్‌లో నా కథలు చూసే ఎడిటర్ మాదాపూర్‌లో ఏసీ గదిలో కూర్చునే చిన్న అమ్మాయి. ఒకరోజు ఫోన్ చేసింది.

"సర్, మీ మర్డర్స్ బాగుంటున్నాయి. కానీ ఫ్యామిలీ లేదు సర్. ఇప్పుడంతా ఫ్యామిలీ సీక్రెట్స్ వింటున్నారు. డార్క్‌గా ఉండాలి. మీ ఇంట్లో ఏమీ లేవా?"

ఉండకుండా ఎలా ఉంటాయి అనుకున్నాను. మధ్యాహ్నం అన్నాల దగ్గర అందరినీ అడిగాను. మన ఇంట్లో ఎవరికీ చెప్పని చీకటి విషయం ఏదైనా ఉంటే చెప్పండి, పేర్లు మార్చి రాస్తాను అన్నాను.

నాన్న చాలాసేపు ఆలోచించాడు. ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"ఒకటున్నది" అన్నాడు. "సర్వీసుల ఉన్నప్పుడు ఓసారి బస్సును వేరే రూట్ల తీస్కపోయిన. ఏదో ఆలోచనల ఉండి తప్పు మలుపు తిరిగిన. ఆఖరి స్టాప్ దాక ఒక్క ప్యాసింజర్ గూడ అడగలే. అందరు దిగి పోయిన్రు. వాళ్ళెందుకు అడగలేదా అని ఇయ్యాల్టికీ నాకు నిద్ర పట్టది."

అమ్మ వంతు వచ్చింది. "మీ మేనత్త పెట్టిన చీరనే మల్ల మీ మేనత్తకు పెట్టిన. ఆమె గుర్తుపట్టలే. పైంగ, మరదలా నీ పసందు మంచిగుంటది అన్నది."

నాయనమ్మ పప్పులో రొట్టె ముక్కలు నానేసుకుంటోంది. "నా తాన ఏముంటయి బిడ్డా, పండ్లు గూడ లేకపాయె" అంది.

ఈ సరుకుతో థ్రిల్లర్ నడవదు. దిక్కులు చూస్తూ గోడ మీదికి చూశాను. అక్కడ తాత ఉన్నాడు.

తాతను నేను చూడలేదు. నాన్న కూడా చూసినట్టు లెక్క కాదు, పాలు తాగే వయసులోనే తండ్రి పోయాడు. ఊళ్ళో పటేలు దగ్గర జీతం ఉండేవాడట. ఆయన పోయాక నాయనమ్మ ఇద్దరు పిల్లలను తీసుకుని పట్నంలో ఉన్న తన అన్న దగ్గరికి వచ్చింది. మిగిలింది ఆ ఫోటో ఒక్కటే. ఇరవై దాటిన యువకుడు. నున్నగా దువ్విన జుట్టు, నల్లకోటు, టై, వెనుక గుడ్డ మీద రంగులతో వేసిన చందమామ. ఆ కాలపు ఫోటోల్లో మనుషులు శిక్ష విన్నట్టు నిలబడతారు. ఈయన మాత్రం పక్కనెవరో జోకు చెబితే నవ్వు ఆపుకుంటున్నట్టు ఉంటాడు. అద్దం మీద కుంకుమబొట్టు, చుట్టూ గంధపు దండ. నాన్న సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఆ ఫోటోకు మొక్కి, "బాపూ, పోయొస్త" అని చెప్పిగానీ డ్యూటీకి పోలేదు. పటేలు దగ్గర పశువులు కాసిన మనిషికి కోటూ టై ఎక్కడివని ఇంట్లో ఎవరికీ ఏనాడూ తోచలేదు. కుటుంబ రహస్యాల మీద అన్నం తినే నాకు కూడా తోచలేదు.

కథ అల్లేశాను. ఒక ఇంట్లో తాత ఫోటోకు రోజూ దండ వేసి పూజిస్తుంటారు. ఆ తాత దేవుడేమీ కాదనీ, కట్టుకున్నదాన్ని పీడించి చంపి వంటింటి పొయ్యి కింద పూడ్చాడనీ ఎపిసోడు తరువాత ఎపిసోడు బయటపడుతుంది. కవర్ మీదికి పాత ఫోటో ఏదైనా కావాలని ఎడిటర్ అడిగితే, గోడ మీది ఫోటోనే దండతో సహా ఫోన్‌లో తీసి పంపాను. నాన్నను అడిగే పంపాను. "పెట్టురా, బాపు మొఖం మస్తుంటది, పది మంది చూస్తరు" అన్నాడు. కథలో ఆయన చేసే పనుల గురించి నేను చెప్పలేదు, నాన్న అడగలేదు.

సీరియల్ మొదలైంది. అందరికంటే శ్రద్ధగా విన్నది నాయనమ్మ. కూరకు గోకరకాయలు తుంచుకుంటూ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినేది. మూడు నాలుగు ఎపిసోడ్లయ్యాక నన్ను పిలిచింది.

"గా ముసలోన్ని గట్ల రాసినవేంది? ఉత్తగ అరుస్తుండు."

"విలన్ కదా నాయనమ్మా. అరవాలె గద."

"అరిసెటోడు ఏం జెయ్యడు బిడ్డా. సప్పుడు జెయ్యనోన్ని రాయి." కాయ తుంచడం ఆపింది. "అన్నం తినుకుంట తినుకుంట ఆగుతడు. ఏమైందో చెప్పడు. అన్నం తాలె తీస్కోని మెల్లగ లేస్తడు. గోడకాడికి పోయి, గోడకు బోర్లిస్తడు. మల్ల వచ్చి అదే జాగల కూసుంటడు. కొత్తగ వడ్డియ్యాలె. గట్ల రాయి."

రాశాను. వినేవాళ్ళకు పిచ్చెక్కిపోయింది. రెండు రోజుల తరువాత మళ్ళీ పిలిచింది.

"బయటికి పొయ్యేటప్పుడు పెండ్లాన్ని లోపటుంచి బయటి నుంచి గడియ పెడ్తడు. ఎందుకని అడిగితే, కోళ్ళు బయటికి పోతయి అంటడు."

"కోళ్ళు ఇంట్ల ఉంటయా?"

"ఆ ఇంట్ల కోళ్ళే లేవు."

అది కూడా రాశాను. "సర్, ఆ కోళ్ళ లైన్ రాత్రంతా నన్ను వదల్లేదు" అని ఎడిటర్ మెసేజ్ పెట్టింది. మా నాయనమ్మకు చదువు రాకపోయినా నాకంటే ఎక్కువ ఊహ ఉందని ఎదురింటాయనతో గొప్పగా చెప్పుకున్నాను.

అలా సాగుతుండగా ఎడిటర్ ఫోన్ చేసింది. "సర్, ఎవరో అమ్మాయి మెసేజ్ చేసింది. కవర్ మీద ఉన్నది వాళ్ళ తాత అంటోంది. ఇది మీ ప్లానేనా? ప్రమోషనా?"

నా గుండె లయ తప్పింది. సంతోషంతో. మా తాత వాళ్ళకూ తాతే అంటే అర్థమేమిటి? రెండో సంసారం! ఇన్నాళ్ళకు మా ఇంటికి కూడా ఒక చీకటి రహస్యం దొరికింది. ఆ అమ్మాయికి మా ఇంటి అడ్రసు పంపి, ఆదివారం రండి, అన్నీ కూర్చుని మాట్లాడుకుందాం అన్నాను. నాన్నకు మెల్లగా చెప్పాను.

"నాన్నా, బాపుకు ఇంకో ఇల్లు ఉండెనట."

నాన్న గోడకేసి చూశాడు. "ఆ నవ్వు చూస్తే నాకెన్నడో అనుమానం రావాల్సింది" అన్నాడు. ఆదివారం పొద్దున మాత్రం గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తండ్రి వేరేచోట కన్న పిల్లల కోసం వాకిట్లో నిలబడ్డాడు. అమ్మ మిక్చర్, జిలేబీ తెప్పించింది.

వాళ్ళు చెప్పిన వేళకు రాలేదు. ధూల్‌పేట్ నుంచి వినాయకుళ్ళు కదిలే రోజులవి, కార్వాన్ నుంచి వస్తూ ట్రాక్టర్ల వెనుక చిక్కుకుపోయారట. ఆటో దిగినప్పుడు ముగ్గురూ చెమటతో, కోపంతో ఉన్నారు. ముందు యాభై దాటిన ఒకావిడ, వెనుక కాలేజీ వయసు అమ్మాయి, ఆమె భుజం పట్టుకుని తెల్లచొక్కా వేసుకున్న పండు ముసలాయన. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, ఆయన చేతిలో బైబిల్ ఉంది.

నాన్న రెండు చేతులూ జోడించాడు. "రాండ్రి. జరిగిందేదో జరిగింది. మనదంత ఒకటే రక్తం."

"ఏం రక్తం? ఎవరి రక్తం?" అంది ఆవిడ.

"మా బాపు చేసిన పనికి మీరేం జేస్తరు అక్కా. మీ మీద నాకు కోపం లేదు."

"మీ బాపు ఎవలు?"

నాన్న గోడ వైపు చేయి చూపించాడు. ఆవిడ చూసింది. చూసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"అయ్యో ప్రభువా! దండేసిన్రు! బొట్టు గూడ పెట్టిన్రు! బతికున్న మనిషికి!" అని, పక్కనున్న ముసలాయన భుజం పట్టి మా ముందుకు తిప్పింది. "ఇగో, ఈయన మా డాడీ. ఆ ఫోటోల ఉన్నది ఈయననే."

ముసలాయన అద్దాలు సవరించుకుని గోడ దగ్గరికి నడిచాడు. తన పెళ్ళి చూపుల కోసం తీయించుకున్న ఫోటోను, తన మీద వేసిన గంధపు దండను చాలాసేపు చూశాడు. ఆయన ముఖంలో కోపం లేదు. పోయిన గొడుగు ఎవరింట్లోనో కనపడినట్టు ఉంది.

"కోటు స్టూడియోవాళ్ళది" అన్నాడు. "దాని చేతులు నాకు పొడుగుండె. లోపటికి మలిచి పిన్నులు పెట్టిండు. ఇగో, ఈ చేతికాడ చూడుండ్రి, పిన్ను కనపడతది."

దగ్గరికి వెళ్ళి చూశాం. పిన్ను కనపడింది. పండగ పండగకూ ఆ అద్దం తుడిచిన అమ్మ, రోజూ మొక్కిన నాన్న, ఫోటో తీసి లోకానికి పంపిన నేను, ఎవరమూ దాన్ని చూడలేదు. పిన్ను చూశాక ఫోటోలోని చెవులూ ముసలాయన చెవులూ ఒకటేనని కూడా తెలిసింది.

నాన్న కుర్చీలో కూలబడ్డాడు. "మరి మా బాపు ఏడి?" అన్నాడు. అరవై ఏళ్ళు దాటిన మనిషి, జాతరలో తప్పిపోయిన పిల్లవాడిలా అడిగాడు.

అమ్మకు ఆ ముసలాయనకు దండం పెట్టాలో వద్దో తెలియలేదు. ఇన్నేళ్ళుగా మామగారని మొక్కిన ముఖం కదా. చాయ్ ఇచ్చి, కొంగు మాత్రం నిండుగా కప్పుకుంది.

ఆవిడ ఆగలేదు. "మా చర్చిల అందరు అడుగుతున్నరు, మీ డాడీ ఎంతమందిని చంపిండని. మొన్న ఆయనకు గుండె ఆపరేషన్ అయింది. ఎందుకైందో ఇప్పుడు తెలిసింది. మీ దండ వల్లనే! పోలీస్ స్టేషన్ల కంప్లైంట్ ఇస్త."

"ఏమని ఇస్తవు బిడ్డా?" అన్నాడు ముసలాయన. "ఎన్నేండ్ల సందో వీళ్ళు నాకు దండలేస్తున్నరు. ఆపరేషన్ ఒక్కసారే అయింది. కరెంటు స్తంభాలెక్కి దిగినోన్ని, ఒక్కనాడు షాక్ గొట్టలే. వీళ్ళ మొక్కులే కాపాడినయేమో." అంతలోనే బైబిల్‌ను రెండో చేతిలోకి మార్చుకుని, "ఈ మాట మా పాస్టర్‌కు చెప్పొద్దు" అన్నాడు.

లొల్లి విని నాయనమ్మ వెనుక గదిలోంచి వచ్చింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు అలాగే ఉన్నాయి. ముసలాయనను చూసి ఆగిపోయింది. గోడను చూడలేదు, చూడాల్సిన అవసరం రాలేదు.

"ముసలోనివైనవ్" అంది.

ఆమెకు అంతా తెలుసని ఆ మాటతో మాకు తెలిసిపోయింది. ఇయర్‌ఫోన్లు తీసి కొంగుకు ముడేసుకుని గడప మీద కూర్చుంది. నాన్న అడిగింది ఒకటే. "అమ్మా, ఈయనెవలు?"

"నాకేం తెల్సు" అంది నాయనమ్మ. "నయాపూల్ కాడ ఫోటో దుకాణం ఉండె. నిన్ను బడికి తోల్కపోయేదాన్ని గద, ఆ దారెంట. ఒకనాడు నువ్వు అడిగినవ్, అమ్మా, మా బాపు ఎట్లుంటుండె అని. ఏం చెప్పాలె? నోటికేం రాలే. అద్దాల ఈయన ఫోటో పెట్టి ఉండె. మంచిగ నవ్వుతుండె. ఇగో, గిట్లుంటుండె అన్న."

"గిట్ల అంటే గిట్లాంటోడు అని" అంటూ నాయనమ్మే మళ్ళీ అందుకుంది. "నువ్వు ఆయననే అనుకున్నవ్. ఇంక తెల్లారితే అక్కడ నిలబడుడే, కదిలెటోనివి కాదు. బాపూ, బాపూ అని అద్దాన్ని ముట్టుకునుడు. దుకాణపాయన చూసి నవ్వుతుండె. వానకాలమొచ్చింది, నువ్వు తడుసుకుంట నిలబడినవ్. ఇగ ఆయన్ని అడిగి ఆ ఫోటో తెచ్చి గోడకు పెట్టిన."

నాన్న చేతులు కుర్చీ పట్టుకున్నాయి. "నాకు యాదికుంది. మా బాపు మస్తు పెద్ద మనిషి, అందుకే ఆయన ఫోటో దుకాణంల పెట్టిన్రు అనుకుంటుంటి. బడిల అందరికి చెప్పిన." ముసలాయన వైపు తిరిగాడు. "మీరు నన్ను ఎప్పుడన్న చూసిన్రా, ఆడ నిలబడంగ?"

"లేదు బిడ్డా" అన్నాడు ఆయన. "నా ఫోటో అద్దాల ఉన్నదని నేను గూడ ఆ రోడ్డు మీదనే తిరుగుతుంటి. చూసుంటె బిస్కెట్ కొనిస్తుంటి. ఓనాడు పోతే ఫోటో లేదు. ఏమైందంటే ఎవలో తీస్కపోయిన్రన్నడు. పెండ్లి సంబంధమేమో అని మస్తు ఆశపడ్డ."

"మరి అసలు ఫోటో?" అన్నాను నేను. "తాతది ఒక్కటి గూడ లేకుండెనా?"

"ఒకటుండె. నీళ్ళ పొయ్యిల పెట్టిన."

అప్పుడు నాకు తెలిసింది, గోకరకాయలు తుంచుతూ ఆమె చెప్పినవేవీ ఊహలు కావని. గోడకు బోర్లించిన అన్నం, లేని కోళ్ళు. అయినా అడగకుండా ఉండలేకపోయాను.

"నాయనమ్మా, తాత ఎట్ల సచ్చిపోయిండు?"

"తాగొచ్చి బాయిల పడ్డడు. ఇంటెన్కనే బాయి."

"నువ్వేడున్నవ్?"

"లోపట్నే. బయట గడియ పెట్టి ఉండె గద." చీర అంచు సవరించుకుంది. "పిలుస్తుంటె ఇనపడ్డది. నేను గూడ మొత్తుకున్న, తలుపు గుద్దిన. గడియ ఆయననే పెట్టుకున్నడు. ఎట్ల పోవాలె?"

కోపంతో వచ్చిన ఆవిడ కూడా జిలేబీ పళ్ళెం కింద పెట్టి నాయనమ్మ పక్కన గడప మీద కూర్చుంది. నాన్న లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాడు. ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నాది గూడ గంత మంచి మొఖమేం కాదు. మా ఇంటామె ఉంటే చెప్తుండె."

"అవును" అంది ఆయన కూతురు.

ఆమె పట్టుబట్టింది ఒక్కదానికే, బతికున్న మనిషి మీద దండ ఉండకూడదు. నేను స్టూలెక్కి దండ తీశాను. బొట్టును ఆవిడే తన కొంగుతో తుడిచింది. ఫోటో కూడా తీసుకుపోతారేమోనని నాన్న భయపడుతున్నాడని ముసలాయనకు అర్థమైంది. "నాది మా ఇంట్ల ఉంది. ఇది మీ బాపుది" అన్నాడు. కవర్ మీది ఫోటో తీసేయిస్తానని మాట ఇచ్చాను, ఆ సాయంత్రమే తీసేశారు. జరిగింది ఎడిటర్‌కు చెబితే శ్రద్ధగా విని, "సర్, ఇది మరీ నమ్మేలా లేదు. మన పొయ్యి కింద శవమే బాగుంది" అంది.

మేనత్తకు ఫోన్‌లో చెప్పే విషయం కాదని నాన్న జల్‌పల్లికి వెళ్ళి తీసుకొచ్చాడు. ఆమె వచ్చీరాగానే గోడ ముందు నిలబడి ఏడ్చింది. తండ్రి బతికే ఉన్నాడని ఏడుస్తోందో, తండ్రి కాడని ఏడుస్తోందో మాకు తెలియలేదు. తరువాత తల్లి దగ్గర కూర్చుని అడిగింది, అసలాయన తనను ఎప్పుడైనా ఎత్తుకున్నాడా అని. నాయనమ్మ కొంచెం ఆలోచించి, "ఓసారి ఎత్తుకున్నడు" అంది. అది నిజమో అబద్ధమో నేను అడగలేదు. మేనత్త ఇంకోసారి చెప్పించుకుంది.

సీరియల్ ఆపేస్తానని నాయనమ్మతో అన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"ఎందుకు ఆపుతవ్? బాయి దాక రాయి. పొయ్యి కింద పెట్టుడు గిట్ల వద్దు, గది అబద్ధం."

బావి దాకా రాశాను. రికార్డింగ్ రోజు బొంత కప్పుకుని, తలుపు గుద్దుతూ అరిచే ఆడమనిషి గొంతు చేయబోతే రాలేదు. ఎంతమందినో చంపిన గొంతు, ఎన్నిసార్లు మొదలుపెట్టినా దొంగగొంతులా వినిపించింది. గది బయట కూర్చున్న నాయనమ్మ లేచి వచ్చి, "జరుగు" అని బస్తాల మధ్యకు దూరి బొంత ఎత్తి నా పక్కన కూర్చుంది.

"నీకు రాదు. నేనంట. నువ్వు మిషిన్ పట్టుకో."

ఫోన్ ఆమె నోటి దగ్గర పెట్టాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "గడియ తియ్యుండ్రి. ఎవలన్న గడియ తియ్యుండ్రి. బాయిల పడ్డడు" అని మామూలు గొంతుతో, పక్కింటివాళ్ళను చింతపండు అడిగినట్టు అంది. కాసేపాగి, "అయిందా? ఉక్కపోస్తుంది" అంటూ బయటికి వచ్చేసింది. ఆ ఎపిసోడు విని ఎడిటర్ ఆ వాయిస్ ఆర్టిస్టు ఎవరని అడిగింది. ఆ ఇంటామెనే అన్నాను.

పెత్తరమాస వచ్చింది. చచ్చిపోయిన పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చే అమావాస్య. ప్రతి ఏడూ వచ్చే అయ్యగారే వచ్చాడు. గోడ మీది ఫోటోకు దండ లేదేమని అడిగితే, నాన్న వివరాల్లోకి పోకుండా, ఈసారి పేరు చెప్పి కానిద్దామన్నాడు. పేరుంటే చాలు, ముఖంతో పని లేదని అయ్యగారు మొదలుపెట్టాడు. నాన్న తన అసలు తండ్రి పేరును మొదటిసారి ఆ ఫోటో వైపు చూడకుండా పలికాడు. కష్టంగానే పలికాడు.

సరిగ్గా అప్పుడే వాకిట్లో చెప్పుల చప్పుడయింది. మా మీటరు ఉత్తపుణ్యానికి గిర్రున తిరుగుతోందని అంతకుముందు వచ్చినప్పుడు ముసలాయనకు నాన్న చెప్పాడు. పెత్తరమాస సంగతి ఆయనకేం తెలుసు, మనవరాలితో వచ్చి టెస్టర్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

అయ్యగారు తలెత్తాడు. ఏళ్ళ తరబడి ఆ గోడ కింద కూర్చుని మంత్రాలు చదివిన మనిషి. ఒకసారి ఫోటో వైపు, ఒకసారి గుమ్మం వైపు చూశాడు. మంత్రం నోట్లోనే ఆగింది. చేతిలోని గుమ్మడికాయ ముక్క జారి బియ్యంలో పడింది.

"వచ్చిండు" అన్నాడు నెమ్మదిగా.

"ఆఁ, అప్పుడప్పుడు వస్తుంటడు" అన్నాడు నాన్న.

"నేను గిన్ని ఇండ్లల్ల చేయించిన. ఎవలు గిట్ల నేరుగ రాలే."

విషయం చెప్పి ఆయనకు మంచినీళ్ళిచ్చి మళ్ళీ కూర్చోబెట్టేసరికి కొంత సమయం పట్టింది. మిగిలిన తంతు చేస్తున్నంతసేపు ఆయన ఒక కన్ను గుమ్మం మీదనే పెట్టాడు. ముసలాయన మాత్రం తప్పుకుని మెట్ల మీద మీటరు దగ్గర కూర్చుని, "కానియ్యుండ్రి, కానియ్యుండ్రి" అంటూ ఉన్నాడు.

వంటలయ్యాక నాయనమ్మ విస్తరిలో అన్ని రకాలూ కొద్దికొద్దిగా పెట్టించి, కాకికి పెట్టడానికి డాబా మీదికి తీసుకెళ్ళమంది. చేయి పట్టుకుని నేనే ఎక్కించాను. పిట్టగోడ మీద విస్తరి పెట్టి చూస్తూ నిలబడ్డాం. ఎదురింటి ట్యాంకు మీద మూడు నాలుగు కాకులు ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు. కాకి ముట్టకపోతే చనిపోయినవాళ్ళకు తృప్తి లేనట్టని అంటారు కదా. కింద నుంచి నాన్న, "ముట్టిందా?" అని కేకేశాడు. నేను నాయనమ్మ ముఖం చూశాను.

"బతికున్నప్పుడు గూడ గిట్లనే" అంది. "అన్నం పెట్టి ఎదురుచూస్తే ఓపాలి వస్తడు, ఓపాలి రాడు. నేను గీడ నిలబడ. కాళ్ళు గుంజుతున్నయి."

నా చేయి పట్టుకుని కిందికి దిగింది. దిగి, మెట్ల మీద కూర్చున్న ముసలాయనను చేతులు కడుక్కుని రమ్మని పిలిచింది. ఆయన, అయ్యగారు ఎదురెదురుగా కూర్చుని తిన్నారు, ఎక్కువ మాట్లాడుకోలేదు. డాబా మీది విస్తరి పొద్దుగూకేదాకా అలాగే ఉంది. తరువాత వెళ్ళి చూస్తే ఖాళీగా ఉంది. పిల్లి తినుంటుందని అమ్మ అంది.